చేతివేళ్ళతో ఛాతీని చదవడం – 3వ పాఠం: ఊపిరితిత్తులు, వాటిని చుట్టిన పొరలు

పోయిన పాఠంలో పక్కటెముకలు లెక్కపెట్టడం నేర్చుకున్నాం. ఈ పాఠమంతా ఆ లెక్క మీదే నడుస్తుంది కాబట్టి ఇంకొక్కసారి చేయండి. గొంతు గుంటలో వేలు పెట్టి, రొమ్ము ఎముక మీదుగా మెల్లగా కిందికి జార్చండి. సుమారు 5 సెంటీమీటర్లు దిగేసరికి అడ్డంగా చిన్న గట్టు తగులుతుంది. దానికి అటూ ఇటూ అతుక్కుని ఉన్నది రెండో పక్కటెముక. అక్కడి నుంచి వేలిని పక్కకు జరిపి మూడు, నాలుగు, ఐదు అంటూ దిగండి. మొదటి ఎముక కాలర్ బోన్ చాటున ఉంటుంది, దాన్ని వెతకవద్దు. దాని కోసం వెతికే చాలామంది లెక్క తప్పుతారు.

వేలు ఆ గట్టు మీదే ఉంచండి. సరిగ్గా దాని వెనకాల, లోపల, వాయునాళం రెండుగా చీలుతుంది. ఈ నాళం పొడవు 10 నుంచి 12 సెంటీమీటర్లు. 16 నుంచి 20 మృదులాస్థి ఉంగరాలు దాన్ని మూసుకుపోకుండా పట్టి ఉంచుతాయి. అవి పూర్తి ఉంగరాలు కావు, వెనక వైపు తెరిచి ఉంటాయి. ఆ తెరిచిన వైపే అన్నవాహిక ఆనుకుని ఉంటుంది. పెద్ద ముద్ద మింగినప్పుడు అది ఉబ్బడానికి అక్కడ చోటు దొరుకుతుంది.

చీలిన దగ్గర నుంచి ఎలా సాగుతుందో కర్నూలు వాళ్ళకు బొమ్మ గీసి చెప్పనక్కర్లేదు. సుంకేసుల దగ్గర తుంగభద్రలోంచి బయల్దేరిన కె.సి. (కర్నూలు–కడప) కాలువను చూసినవాళ్ళే మనం. పెద్ద కాలువ, దాని నుంచి డిస్ట్రిబ్యూటరీలు, వాటి నుంచి పిల్లకాలువలు, చివరికి మడి. ఊపిరితిత్తిలోనూ అంతే. వాయునాళం నుంచి లెక్కపెడితే దాదాపు 23 సార్లు చీలుతుంది. మొదటి 16 చీలికల దాకా అవి ఉత్త కాలువలే, గాలిని మోయడం తప్ప వాటికి వేరే పని లేదు. ఆ తర్వాతి వాటి నుంచే వాయుగోణులు, అంటే సన్నటి గాలి సంచులు, మొదలవుతాయి, ప్రాణవాయువు రక్తంలోకి దిగేది అక్కడే. మనం మామూలుగా పీల్చే గాలి సుమారు 500 మిల్లీలీటర్లయితే అందులో 150 దాకా కాలువల్లోనే ఉండిపోయి, మడిని చేరకుండానే బయటికి వచ్చేస్తుంది. గబగబా పైపైన ఊపిరి తీసేవాళ్ళు ఎంత తీసినా అలసిపోవడానికి ఇదే కారణం. గాలి కాలువ దాకే వస్తోంది, మడికి పారడం లేదు.

వాయుగోణి ఒక్కోటి మిల్లీమీటరులో ఐదో వంతు ఉంటుంది. రెండు వైపులా కలిపి కొన్ని పదుల కోట్లు. అన్నిటినీ విప్పి పరిస్తే దాదాపు 70 చదరపు మీటర్లు, మన లెక్కలో ఒకటిన్నర సెంటు దాటిన స్థలం. అంత స్థలం ఛాతీలో మడత పడి ఉంది. దాని గోడ మందం మిల్లీమీటరులో వెయ్యో వంతు కూడా ఉండదు.

కుడి, ఎడమల తేడా ఒకటి గట్టిగా గుర్తుపెట్టుకోండి. కుడి ప్రధాన శ్వాసనాళం (వాయునాళం చీలాక కుడికి పోయే కొమ్మ) పొట్టిగా, సుమారు 2.5 సెంటీమీటర్లు, వెడల్పుగా, దాదాపు నిటారుగా దిగుతుంది. ఎడమది 5 సెంటీమీటర్ల దాకా సాగి, గుండె మీదుగా పక్కకు వాలుతుంది. కాబట్టి పొరపాటున గొంతు దాటి లోపలికి పోయింది ఏదైనా ఎక్కువగా కుడి వైపే పడుతుంది. అనంతపురం వాళ్ళు ఈ మాట ఇంకాస్త శ్రద్ధగా వినాలి. బుడ్డలు (వేరుశనగలు) ఒలిచే కాలంలో ఇంటినిండా పప్పులే. పసిబిడ్డ నోట్లో వేసుకుని నవ్వినా ఏడ్చినా పప్పు లోపలికి జారుతుంది. అది అక్కడ తడికి ఉబ్బుతుంది, దాని నూనె నాళం గోడను వాపెక్కిస్తుంది. మొదట పొలమారి దగ్గి, తర్వాత ఊరుకుంటారు. "తగ్గిపోయింది" అనుకుంటారు పెద్దలు. నాలుగు రోజులకు ఒక పక్క మాత్రమే పిల్లికూతలు, జ్వరం వస్తాయి. నాలుగైదేళ్ళు నిండేదాకా పిల్లలకు బుడ్డలు పప్పుగా ఇవ్వకండి, పొడి చేసి పెట్టండి.

ఇక ఊపిరితిత్తుల ఆకారం. కుడి దానికి మూడు తమ్మెలు, ఎడమ దానికి రెండు. పాఠ్యపుస్తకాల్లో లంబికలు అంటారు. ఎడమ వైపు గుండెకు చోటివ్వాలి కాబట్టి అది కొంచెం చిన్నది. దాని ముందు అంచు గుండె దగ్గర ఒక గాడిలా లోపలికి వంగి ఉంటుంది. ఊపిరితిత్తి శిఖరం కాలర్ బోన్ దగ్గర ఆగదు, దాన్ని దాటి 2, 3 సెంటీమీటర్లు మెడలోకి వస్తుంది. కాలర్ బోన్ పైన ఆ గుంటలో వేలు పెట్టి చూడండి, వేలి కింద ఉన్నది ఊపిరితిత్తే. మెడలో సూది పెట్టేటప్పుడు డాక్టర్లు అంత జాగ్రత్త పడేది అందుకే.

ఇప్పుడు బజారుకు పోదాం. ఆదివారం పొద్దున్నే మటన్ అంగడికి వెళ్ళి, మేక ఊపిరితిత్తులను వాయునాళంతో సహా, కోయకుండా అడగండి. నర్సింగ్ విద్యార్థులకు నేను మొదట చూపించేది ఇదే. పుస్తకంలో పది రోజులకు ఎక్కనిది పళ్ళెంలో పది నిమిషాలకు ఎక్కుతుంది. చేతికి గ్లవుజులు వేసుకోండి. ముందు వేలితో నొక్కండి. స్పాంజిలా లోపలికి పోతుంది, వేళ్ళ మధ్య సన్నగా చిటపటమంటుంది, అది వాయుగోణుల్లోని గాలి. చిన్న ముక్క కోసి నీళ్ళ గిన్నెలో వేస్తే తేలుతుంది, అదే కార్జం (కాలేయం) ముక్క మునుగుతుంది. వాయునాళానికి సైకిల్ పంపు గొట్టం బిగించి మెల్లగా కొట్టండి, నోటితో మాత్రం ఊదకండి. ముడుచుకుని ముదురుగా ఉన్నది చూస్తుండగానే లేత గులాబీ రంగుకు తిరిగి, రెండింతలవుతుంది. పంపు తీసేయగానే దానంతట అదే ముడుచుకుంటుంది. ఈ ముడుచుకునే గుణాన్ని మనసులో పెట్టుకోండి, పొరల దగ్గర మళ్ళీ పనికొస్తుంది. మేకకూ మనకూ ఒక తేడా ఉంది. మేకలో కుడి పై తమ్మెకు పోయే నాళం, వాయునాళం రెండుగా చీలకముందే విడిగా పుడుతుంది. అది చూసి మనిషిలోనూ అంతే అనుకోవద్దు.

ఇప్పుడు గోటితో పైన మెరిసే పొరను ఒలవడానికి ప్రయత్నించండి. రాదు. ఊపిరితిత్తికి అంతగా కరుచుకుని, తమ్మెల మధ్య చీలికల్లోకి కూడా దిగి ఉంటుంది. అది లోపలి ప్లూరా. అంగడిలో వేలాడదీసిన పక్కటెముకల లోపలి వైపు చూడండి, అక్కడా తళతళమనే పొర కనిపిస్తుంది. దాని అంచు పట్టి లాగితే ఉల్లిపొరలా ఊడి వస్తుంది. అది బయటి ప్లూరా.

రెండు పొరలు అంటాం కానీ నిజానికి అవి ఒకే సంచి. ఇది అర్థం కావడానికి మన రైతుల గోనెసంచి చాలు. వాన పట్టుకుంటే గోనెసంచి అడుగున ఒక మూలను రెండో మూలలోకి తోసి, ముసుగులా నెత్తిన వేసుకుంటారు. తలకు తగిలేది ఒక పొర, వానకు తడిసేది ఇంకో పొర. రెండూ ముసుగు అంచు దగ్గర కలిసే ఉన్నాయి. ఆ రెండు పొరల మధ్య చోటు సంచి లోపలి భాగం. తల ముసుగులో ఉంది కానీ సంచి లోపల లేదు. ఇక్కడ తల స్థానంలో ఊపిరితిత్తిని పెట్టండి. ముసుగు అంచు ఉన్నచోట, అంటే ఊపిరితిత్తి మధ్యలో శ్వాసనాళం, రక్తనాళాలు లోపలికి దూరే చోట, లోపలి పొర మడత తిరిగి బయటి పొర అవుతుంది. ఎవరైనా "ఊపిరితిత్తి ప్లూరా కుహరంలో ఉంటుంది" అంటే ఈ గోనెసంచిని గుర్తుచేయండి. కుడి సంచి వేరు, ఎడమ సంచి వేరు. ఒకదానికి చిల్లు పడితే రెండోది దాని పని అది చేసుకుంటుంది.

సంచి లోపల ఉండేది కొద్ది మిల్లీలీటర్ల ద్రవం మాత్రమే. రెండు గాజు పలకల మధ్య ఒక నీటి చుక్క వేసి అతికించి చూడండి. పక్కకు ఎంతైనా జారుతాయి, పైకి లేపితే మాత్రం రావు. బేతంచెర్లలో బండల పాలిషింగ్ దగ్గర పనిచేసిన మా చిన్నాయన తడి బండలను ముఖాముఖి పేర్చి, తీసేటప్పుడు "పైకి లేపొద్దు పాపా, పక్కకు జరుపు" అనేవాడు. ఊపిరితిత్తి, ఛాతీ గోడ కూడా అలాగే ఒకదాని మీద ఒకటి జారుతూ, విడిపోకుండా ఉంటాయి. ఈ పోలిక సగం దూరమే వస్తుంది. మిగతా సగం పంపు తీసినప్పుడు మీరు చూసిందే. ఊపిరితిత్తి ఎప్పుడూ ముడుచుకోవాలని లోపలికి లాగుతుంటుంది, ఛాతీ గోడ బయటికి సాగాలని లాగుతుంటుంది. ఈ రెండు లాగుళ్ళ మధ్య ఆ సందులో పీడనం బయటి గాలి కంటే కొంచెం తక్కువగా, సుమారు 5 సెంటీమీటర్ల నీటి మట్టమంత తక్కువగా నిలుస్తుంది. ఊపిరితిత్తికి సొంత కండ లేదు. ఛాతీకీ పొట్టకూ మధ్య అడ్డంగా ఉండే కండర పొర, ఉదరవితానం, కిందికి దిగి, పక్కటెముకలు పైకి లేచినప్పుడు, ఆ తక్కువ పీడనమే దాన్ని వెంట లాక్కుపోతుంది. కత్తిపోటుకో, విరిగిన ఎముక కొనకో ఆ సందులోకి గాలి దూరితే పట్టు తెగిపోయి ఊపిరితిత్తి పిడికిలంతకు ముడుచుకోవచ్చు. అదే న్యూమోథొరాక్స్. పొడుగ్గా సన్నగా ఉండే యువకుల్లో ఏ దెబ్బా లేకుండా కూడా వస్తుంది.

నొప్పి సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. ఊపిరితిత్తికి, దాని లోపలి పొరకు కోసినా నొప్పి తెలియదు. బయటి పొరకు మాత్రం బాగా తెలుస్తుంది. "ఊపిరి తీస్తే పక్కలో పొడుస్తోంది" అని ఎవరైనా వేలు పెట్టి చూపిస్తే వాపు బయటి పొరను తాకిందని అర్థం. ఆ పొర పక్కటెముకల నరాలతో పనిచేస్తుంది. ఆ నరాలే పొట్ట గోడకూ పోతాయి కాబట్టి కింది తమ్మెలో నిమ్ము చేరిన పిల్లలు ఒక్కోసారి కడుపునొప్పి అంటారు. ఉదరవితానం నడిమి భాగం మీది పొర నరం మెడ నుంచి దిగుతుంది. అందుకని అక్కడి నొప్పి భుజం మీద తెలుస్తుంది.

ఇక అసలు పని. స్కెచ్ పెన్ను తీసుకోండి, ఇంట్లో ఒకరిని కూర్చోబెట్టండి. మూడు నిలువు గీతలు ఊహించుకోవాలి. కాలర్ బోన్ మధ్య నుంచి దిగేది ఒకటి, చంక మధ్య నుంచి దిగేది ఒకటి, వెన్నెముక పక్కన వెనకది ఒకటి. మామూలు ఊపిరిలో ఊపిరితిత్తి కింది అంచు ఈ మూడు గీతల మీద వరుసగా 6, 8, 10 పక్కటెముకల దగ్గర ఉంటుంది. బయటి ప్లూరా కింది అంచు 8, 10, 12 దగ్గర ఉంటుంది. ఎక్కడ చూసినా రెండు ఎముకల తేడా. ఈ ఆరు అంకెలు నోటికి వచ్చేదాకా ఇక్కడి నుంచి కదలకండి. వెనక లెక్కపెట్టడానికి ఒక సులువుంది. చేతులు కిందికి వదిలి కూర్చున్నవాళ్ళ భుజం రెక్క ఎముక కింది కొన దాదాపు ఏడో పక్కటెముక ఎత్తులో ఉంటుంది.

ఆ రెండు అంచుల మధ్య తేడాలోనే ఈ పాఠం అంతా ఉందని నా నమ్మకం. అక్కడ ఊపిరితిత్తి లేదు, ఉత్త పొరల మడత ఉంది. ఛాతీ గోడ వైపు పొర, ఉదరవితానం మీది పొర ఒకదాన్నొకటి తాకుతూ ఉంటాయి. గట్టిగా ఊపిరి పీలిస్తే ఊపిరితిత్తి అందులోకి దిగుతుంది, వదిలితే పైకి వస్తుంది. నీరు చేరితే మొదట నిలిచేది కూడా అక్కడే, చెరువులో లోతు గుంటలో నిలిచినట్టు. నిలబడి తీసిన ఎక్స్‌రేలో ఆ మూల మొద్దుబారినట్టు కనబడాలంటే దాదాపు 200 మిల్లీలీటర్లు చేరాలి. కాబట్టి ఎక్స్‌రే బాగుందంటే నీరు బొత్తిగా లేదని కాదు.

తమ్మెల హద్దులు కూడా గీయండి. మనిషి చేతిని నెత్తిన పెట్టుకుంటే భుజం రెక్క లోపలి అంచు వాలుగా తిరుగుతుంది. ఆ వాలే ఏటవాలు చీలిక. ముందుకొచ్చేసరికి అది ఆరో పక్కటెముక దగ్గర ముగుస్తుంది. కుడి వైపు మాత్రం నాలుగో పక్కటెముక వెంట ఇంకో చీలిక అడ్డంగా పోయి చంక మధ్యలో దీన్ని కలుస్తుంది. గీశాక కాస్త దూరం జరిగి చూడండి. ముందు వైపు ఎక్కువ భాగం పై తమ్మె, కుడిన రొమ్ము దగ్గర మధ్య తమ్మె. వీపంతా దాదాపుగా కింది తమ్మె. ముందు నుంచి మాత్రమే పరీక్షిస్తే కింది తమ్మె దాదాపుగా మిగిలిపోతుంది.

ఈ మాట నేను ఊరికే నొక్కి చెప్పడం లేదు. నేను నర్సింగ్ రెండో ఏడాదిలో ఉన్నప్పుడు చిన్నాయనకు మూడు వారాలు దగ్గు, సాయంత్రం జ్వరం. ఒకచోట చూపించుకుంటే రెండుసార్లూ చొక్కా మీదే, ముందు వైపే స్టెతస్కోపు పెట్టి, గ్యాస్ మాత్రలిచ్చి పంపారు. పండక్కి ఇంటికొస్తే ఆయన గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. "కుడి పక్కంతా బరువుగా ఉంది పాపా" అన్నాడు. చొక్కా విప్పించి వీపు తట్టాను. పై నుంచి దిగుతుంటే డొల్లగా మోగుతున్నది, కుడి రెక్క కొన దగ్గరికి రాగానే బండ మీద తట్టినట్టు చచ్చిపోయింది. ఎడమ వైపు అదే ఎత్తులో బాగానే మోగుతోంది. మళ్ళీ తట్టాను, మళ్ళీ అంతే. ఎక్స్‌రేలో కుడి వైపు సగం దాకా నీరు. సూదితో లీటరుకు పైగా తీశారు, గడ్డి రంగు నీళ్ళు. క్షయ అని తేలింది. ఆరు నెలలు మందులు వాడి కోలుకున్నాడు. రెండు వారాలు దాటిన దగ్గు ఉంటే ప్రభుత్వ ఆసుపత్రిలో కఫం పరీక్ష చేయించండి. పరీక్షా, మందులూ ఉచితమే.

ఇలా తట్టి చూడడాన్ని పెర్కషన్ అంటారు. 1761లో ఆస్ట్రియా వైద్యుడు లియోపోల్డ్ ఆవెన్‌బ్రుగ్గర్ దీని మీద పుస్తకం రాశాడు. ఆయన తండ్రికి పూటకూళ్ళ ఇల్లు ఉండేది, అక్కడ పీపాల్లో ఎంత సరుకుందో తట్టి తెలుసుకునేవాళ్ళట. మనకు పీపాలు అక్కర్లేదు. కడప బండలు పరిచాక మేస్త్రీ కింద సిమెంటు పట్టిందో లేదో తట్టి చూస్తాడు, పట్టనిచోట డొల్లగా మోగుతుంది. మేస్త్రీకి డొల్ల కీడు. మనకు ఛాతీలో డొల్లే మేలు, మొద్దు శబ్దం వస్తే అనుమానించాలి.

ఎడమ మధ్యవేలిని పక్కటెముకల సందులో గట్టిగా ఆనించండి, మిగతా వేళ్ళు ఒంటికి తగలకూడదు. కుడి మధ్యవేలిని వంచి, దాని కొనతో ఎడమ వేలి గోరు వెనక కీలు మీద కొట్టండి. కొట్టేది మణికట్టు నుంచే, మోచేయి కదలకూడదు. రెండు దెబ్బలు చాలు, కొట్టగానే వేలు ఎత్తేయాలి. మొదట గోడ మీద, తర్వాత చెక్క బీరువా మీద, తర్వాత మీ తొడ మీద తట్టి మూడింటి తేడా చెవికి పట్టించుకోండి. ఆ తర్వాత కుడి ఛాతీ మీద రెండో సందు నుంచి దిగండి. ఐదు, ఆరు పక్కటెముకల దగ్గర శబ్దం మారుతుంది, భయపడకండి, అది కార్జం. ఎడమ వైపు కింద బాగా మోగితే అది పొట్టలో గాలి. మొద్దుగా వినిపించే కారణాలు రెండుంటాయి. నిమ్ము ఊపిరితిత్తి లోపల వాయుగోణుల్లో చేరినా మొద్దే, నీరు పొరల మధ్య చేరినా మొద్దే. మన ఊళ్ళల్లో రెండిటినీ నిమ్మే అంటారు. నీటిదైతే బండలా మరీ చచ్చిన శబ్దం, వేలికి కూడా గట్టిదనం తెలుస్తుంది. రెండిటినీ విడదీయడం స్టెతస్కోపుతో తేలిక, అది వచ్చే పాఠం.

నీరు తీసే సూది ఎప్పుడూ కింది ఎముక పై అంచును ఆనుకునే దిగుతుంది, ఎందుకంటే ప్రతి పక్కటెముక కింది అంచున గాడిలో సిర, ధమని, నరం వరసగా పోతుంటాయి. ఆ పని డాక్టరుదే. పక్కన నిలబడిన నర్సుకు కారణం తెలిసి ఉండాలని చెప్తున్నాను.

బేతంచెర్ల, తాడిపత్రి వైపు బండల పనికి పోయేవాళ్ళ ఇళ్ళల్లో ఉన్న విద్యార్థులకు ఒక మాట. 5 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) కంటే సన్నటి దుమ్ము దగ్గుకు అందదు, తిన్నగా మడి దాకా పోతుంది. అందులో సిలికా ఉంటే, దాన్ని మింగిన రక్షణ కణాలే చచ్చి అక్కడ మచ్చ కడుతుంది. ఆ మచ్చ తిరిగి మానదు. తడి చేసి కోయమని, ముక్కుకు మంచి మాస్కు కట్టుకోమని ఇంట్లో వాళ్ళకు పోరు పెట్టండి. తువ్వాలు గుడ్డ ఆ దుమ్మును ఆపలేదు.

ఈ వారం ఇంటిపని ఒక్కటే. ఇంట్లో ఒకరి వీపు మీద కుడి వైపు, మామూలుగా ఊపిరి వదిలి పట్టమని చెప్పి, పై నుంచి తట్టుకుంటూ దిగి, మోత ఆగినచోట గీత పెట్టండి. తర్వాత గట్టిగా పీల్చి పట్టమని, ఆ గీత నుంచి కిందికి తట్టండి. ఇందాక మొద్దుగా ఉన్నచోట ఇప్పుడు మోగుతుంది, మళ్ళీ ఆగినచోట ఇంకో గీత. ఆ రెండు గీతల మధ్య ఉన్నదే ఊపిరితిత్తి పొరల మడతలోకి దిగిన దూరం. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళలో 3 నుంచి 5 సెంటీమీటర్లు ఉండాలి. ఎడమ వైపూ చేసి, రెండు వైపుల దూరాలూ నోటుబుక్కులో రాసుకోండి. గీతలు అప్పుడే చెరపకండి, వచ్చే పాఠంలో స్టెతస్కోపు పెట్టేది వాటి మీదే.